కొండమీదికి వెళ్లిన ఎల్‌సీ

ముందే చెప్పేస్తున్నాను, నాకు కొండలంటే పడదు. కరెంటు స్తంభాలు ఎక్కి దిగడం నా ఉద్యోగం. జీతమిచ్చి ఎక్కమంటే ఎంత ఎత్తయినా ఎక్కుతాను. అంతేగాని మే నెలలో, మాడు పగిలే ఎండలో, పైన చూడ్డానికి రాళ్లు తప్ప ఏమీ లేని కొండ ఎందుకెక్కాలో నాకు ఆ రోజూ అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు. ఆ కొండమీదికి నేను చొక్కా జేబులో మోసుకెళ్లిన కాగితం ముక్క సంగతి మాత్రం బాగానే అర్థమైంది. చెప్పాల్సింది దాని గురించే.

అనకాపల్లి చుట్టుపక్కల ఒక సెక్షనులో నేను లైన్‌మన్‌ని. ఆ ఏడు మాకు కొత్తగా ఒక ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, వచ్చాడు. గుంటూరు వైపు కుర్రాడు. మంచివాడే, మర్యాదస్తుడే. కాని తీరిక దొరికితే చాలు, ఎవరెవరో కొండల మీద గుడారాలు వేసుకుని టీ కాచుకుంటున్న వీడియోలు చూస్తూ కూర్చుంటాడు. ఒక సోమవారం పొద్దున్న మమ్మల్నందర్నీ నిలబెట్టి, "మనందరం కలిసి క్యాంపింగ్‌కి వెళ్దాం. ట్రెక్కింగ్ చేద్దాం. టీమ్ స్పిరిట్ పెరుగుతుంది," అన్నాడు. ఇరవయ్యేళ్లుగా ఒకడు పైనుంటే ఇంకొకడు కింద తాడు పట్టుకుని పని చేస్తున్నాం. కిందవాడు ఏమరుపాటుగా ఉంటే పైవాడి ప్రాణం పోతుంది. ఇంతకంటే టీము ఎక్కణ్ణించి తెస్తాడండీ?

అదే మాట అడుగుదామని నోరు తెరిచాను. పక్కనున్న బావ నా కాలు తొక్కాడు. బావంటే వరసకి బావ కాదు. నాతో పాటే ఉద్యోగంలో చేరిన ఇంకో లైన్‌మన్, నోటికి అలా అలవాటైపోయింది. "ఏటి బావా, ఊరికే కస్సుమంటావు? ఒక్క రోజే గదా. నాటుకోడి అట్టుకెల్దాం. కొండమీద వండుకు తిందాం," అన్నాడు. ఈ భూమ్మీద ఏ చోటయినా సరే, అక్కడ పొయ్యి పెట్టొచ్చా లేదా అన్నదొక్కటే అతనికి కావాలి.

అలా రెండో శనివారం ఖాయమైపోయింది. మేం తిరిగొచ్చేదాకా పక్క సెక్షను వాళ్లు మా ఊళ్లు కూడా చూసుకునేలా ఏర్పాటు చేశారు. ఏఈ గారు వాట్సాప్‌లో ఒక జాబితా పెట్టాడు. టోపీ, నీళ్ల సీసా, టార్చిలైటు, షూసు. చెప్పులతో వస్తే వ్యాను ఎక్కనివ్వనని రాసి, పక్కన ఒక నవ్వే బొమ్మ పెట్టాడు. ఆ నవ్వే బొమ్మ చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది. నేను షూసు వేసుకున్నది నా పెళ్లప్పుడు. శుక్రవారం సాయంత్రం మళ్లీ బజారుకి పోయి ఒక జత కొన్నాను. బిగుతుగా ఉన్నాయయ్యా అంటే, నడవగా నడవగా సాగుతాయన్నాడు కొట్టువాడు. నా మొహం, ఏమీ సాగలేదు.

ఇది చాలదన్నట్టు ఇంకో గొడవ వచ్చిపడింది. వానల ముందు లైన్లు బాగుచేసే పని ఏటా ఉంటుంది. పైఆఫీసు వాళ్లు తేదీలు వేసి పంపుతారు. మా పరిధిలో ఒక ఫీడరుకి, అంటే నాలుగైదు ఊళ్లకి కరెంటు మోసుకెళ్లే లైనుకి, సరిగ్గా ఆ శనివారమే పడింది. పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండు వరకూ కరెంటు ఉండదని ఊళ్లలో చెప్పించేశాం. ఒక స్తంభం మీద తీగని పట్టి ఉంచే పింగాణీ గిన్నె పగిలింది, అది మార్చడమే పని. "అన్నా, మీరు అది చేసేసి అక్కడే ఉండండి, మేం వ్యానులో వచ్చి దారిలో ఎక్కించుకుంటాం," అన్నాడు ఏఈ. టీమ్ స్పిరిట్ పెంచడానికి బయల్దేరుతూ నన్నొక్కణ్ణే స్తంభం మీదికి పంపాడన్నమాట.

ఆ లైను మీదే ఉంది కోళ్ల పిన్ని షెడ్డు. ఆవిడ నాకు చుట్టం కాదు. మా అమ్మ పుట్టిన ఊరి మనిషి కాబట్టి పిన్ని అంటాను. మొగుడు లారీ మీద పోతే మళ్లీ ఎప్పుడొస్తాడో తెలీదు. చెరుకు తోటల పక్కన ఉన్న కొద్ది స్థలంలో బాయిలరు కోళ్ల షెడ్డు ఒక్కతే నడుపుకొస్తోంది. కంపెనీ వాళ్లు పిల్లల్ని ఇస్తారు, ఈవిడ నలభై రోజులు పెంచి అప్పగించాలి. నా ఫోను నెంబరు ఎవరిచ్చారో గాని, ఆవిడ చేతిలో పడ్డాక నాకు తలప్రాణం తోకకొచ్చేది. "బాబూ, షెడ్డులో పేను గాలి రాకుండా మెల్లగా తిరుగుతంది." "బాబూ, తీగమీద కాకి సచ్చిపోయింది, నీకు తెల్సా?" అన్నం ముందు కూర్చున్నా, నెత్తిన నీళ్లు పోసుకుంటున్నా, సరిగ్గా అప్పుడే మోగేది. కాకి పోతే నేనేం చెయ్యనమ్మా, దినం పెట్టనా, అని ఒకసారి గట్టిగానే కసిరాను. ఏమీ అనుకోలేదు. మర్నాడు మళ్లీ చేసింది.

శుక్రవారం సాయంత్రం షూసు కొంటుంటే కూడా ఆవిడదే ఫోను. "బాబూ, రేపు పన్నెండు దాటితే నా కోళ్లు ఆగవురా. ఎల్లుండి తెల్లారి బండొచ్చి ఎత్తుకెల్తాది. బాగా ఒల్లు సేసేయి, ఉక్కకి అసలు ఓర్సుకోవు. బోరు తిరక్కపోతే నీల్లు కూడా ఉండవు." అంతకు ముందు వేసిన కోళ్లు తెగులొచ్చి పోయాయి. ఇవి కూడా పోతే కంపెనీ వాళ్లు ఇంక పిల్లల్ని వెయ్యరు, షెడ్డు మూసుకోవాల్సిందే. ఆ సంగతి నాకు తెలుసు. "పన్నెండు లోపే ఇచ్చేత్తాం పిన్నీ, నేనున్నాను గదా," అన్నాను. అలా అంటూనే కొట్టువాడితో ఒక నెంబరు పెద్దవి చూపించమన్నాను. ఆ నెంబరు లేదన్నాడు.

ఇక్కడ మా ఉద్యోగం సంగతి ఒకటి చెప్పకపోతే మిగతాది తెలీదు. లైను మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషను ఆపరేటరుకి ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకోవాలి. అంటే లైన్ క్లియర్. అతను కరెంటు ఆపి, నా పేరు పుస్తకంలో రాసుకుని, ఒక నెంబరు చెబుతాడు. నేను రాసుకుంటాను. పని అయ్యాక నేనే ఫోన్ చేసి, ఆ నెంబరు చెప్పి, దిగాను, లైను అప్పగిస్తున్నాను అనాలి. అప్పుడే కరెంటు ఇస్తాడు. నా బదులు ఏఈ చెప్పినా, కలెక్టరు చెప్పినా ఇవ్వడు. ఇవ్వకూడదు. స్తంభం మీదున్నవాడి ప్రాణం ఆ ఒక్క మాటలో ఉంటుంది. ఈ పద్ధతి తప్పి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లని నేను కళ్లారా చూశాను. అందుకే కొత్తగా చేరినవాళ్లకి ఎల్‌సీ గురించి చెవుల తుప్పు వదిలేలా చెప్పేది మా సెక్షనులో నేనే.

ఆ శనివారం తొమ్మిదికి ఎల్‌సీ తీసుకున్నాను. బండి జీడిమామిడి చెట్టు కింద పెట్టి, చెప్పులు స్తంభం మొదట్లో విడిచి, ఎక్కాను. మేం చెప్పులతో ఎక్కం, కాలికి పట్టు దొరకదు. పింగాణీ మార్చి దిగేసరికి పది దాటింది. తాడూ బెల్టూ బండి హ్యాండిలుకి తగిలించి ఆపరేటరుకి ఫోన్ చేశాను. ఎంగేజి. ఇంతలో రోడ్డు మీద వ్యాను వచ్చి ఆగి, ఒకటే హారను. "అన్నా, షూస్ వేసుకోండి, లేటవుతోంది!" అని కిటికీలోంచి ఏఈ అరుపు. మట్టికాళ్లకి మేజోళ్లు తొడుక్కుని, గట్టు మీద కూర్చుని ఆ బిగుతు షూసులో కాళ్లు దూర్చడానికి నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. వ్యానులో, మా సెక్షనులో మీటరు రీడింగులు తీసే అతను స్పీకరు పెట్టి పాటలు మోగిస్తున్నాడు. బావ దిగొచ్చి నా రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. ఎక్కి కూర్చోగానే నా ఒళ్లో కుక్కరు పెట్టాడు. అయిదు లీటర్ల ప్రెషరు కుక్కరు, నిండా మసాలా పట్టించిన కోడి. చోటు లేదట, అందుకని నా ఒళ్లోనే ఉండాలట. రోలుగుంట దాకా ఆ కుక్కరు గురించి పోట్లాడాను. ఆపరేటరుకి మళ్లీ ఫోను చెయ్యాలన్న మాట బుర్రలోంచి పూర్తిగా ఎగిరిపోయింది.

కొండ కింద ఊళ్లో వ్యాను దిగేసరికి పదకొండున్నర దాటింది. రేపు వస్తానని డ్రైవరు వెళ్లిపోయాడు. సామాను పంచుకుంటుంటే ఫోను మోగింది. కోళ్ల పిన్ని. టైము చూశాను. పదకొండూ నలభై. పన్నెండుకి కదా చెప్పింది, అప్పుడే ఏం ముంచుకొచ్చిందని చిర్రెత్తుకొచ్చింది. కట్ చేశాను. వెంటనే మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాను. "సూడు బావా, ఇంకా ఇరవై నిమిసాలుంది. ఈవిడకి ఆత్రం," అన్నాను. "ఒక్క రోజు మనకి సెలవుందంటే ఆలకి అర్తం కాదు బావా," అన్నాడు బావ. ఫోను జేబులో పడేసి నడిచాను. పది నిమిషాలు ఎక్కేసరికి ఎవరి ఫోనులోనూ సిగ్నలు లేదు. ప్రకృతిలో ఫోన్లు లేకపోవడమే అందం అన్నాడు ఏఈ.

అందం సంగతి ఆయనకే తెలియాలి. దారంటే మేకలు తొక్కిన జాడ, అంతే. రెండు మడమలూ ఒరుసుకుపోయి చర్మం ఊడొచ్చింది. రీడింగులు తీసే అతను స్పీకరు మెడలో వేసుకుని ముందు నడుస్తున్నాడు, అదే పాట మూడోసారి వస్తోంది. ఏఈ గారు ప్రతి మలుపు దగ్గరా ఆగి మమ్మల్ని నవ్వమని ఫొటోలు తీస్తాడు. నేను నవ్వలేదు. "అన్నా, పైన పెద్ద రాయి ఉందట. అక్కణ్ణించి సముద్రం దాకా కనిపిస్తుందట. సాయంత్రం అందరం ఎక్కాలి," అన్నాడు. "సముద్రం చూడాలంటే రాంబిల్లి పోతే చాలు సార్, బస్సుంది. నేను ఎక్కను," అన్నాను. అందరూ నవ్వారు. నేనేమీ నవ్వించడానికి అనలేదు.

ఒంటిగంట దాటాక కొంచెం చదునుగా ఉన్న చోటికి చేరాం. గుడారాలు విప్పితే, వాటిని నేలకి బిగించే మేకుల సంచి లేదు. తేవాల్సింది రీడింగులు తీసే అతను. ఆ సంచి వ్యాను సీటు కింద ఉండిపోయిందట. ఎండ, ఆకలి, మడమల మంట, అన్నీ కలిపి అతని మీద దులిపేశాను. "పని మీద ద్యాస ఉండక్కల్లేదేటి? ఒక్క సంచి! నీకప్పసెప్పింది ఒక్క సంచి! అది కూడా మర్సిపోతే నువ్వు ఇంకెందుకు పనికొత్తావు?" అంటూ ముఖం తుడుచుకుందామని రుమాలు కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. రుమాలుతో పాటు కాగితం వచ్చింది.

నా చేతిరాతే. నెంబరు. కింద టైము, తొమ్మిది.

టైము ఒంటిగంటా ఇరవై. నాలుగు ఊళ్లకి కరెంటు లేదు, నేను చెప్పేదాకా రాదు, నేను కొండమీద ఉన్నాను. ఆ షెడ్డులో ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి. పన్నెండు దాటితే ఆగవురా అని ఆవిడ చెప్పిన గొంతు చెవిలో గింగురుమంది. బావ నా చేతిలో కాగితం చూసి, ఒక్క ముక్క అడక్కుండా కుక్కరు కింద పెట్టేశాడు. ఏఈ గారు మాత్రం, "మీరు తిరిగి ఇవ్వలేదా? మీరా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ 'మీరా' అన్నది చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

అక్కడ మేకలు కాస్తున్న పెద్దాయన ఒకడున్నాడు. ఫోను ఎక్కడ పలుకుతుంది తాతా అని అడిగితే, "కిందకెల్తే గంట పైనే. ఆ పైరాయి కాడికెల్తే పలుకుద్ది. మావోళ్లు అక్కడికెల్లే మాటాడతారు," అని చేత్తో చూపించాడు. నేను ఎక్కనని చెప్పిన రాయే అది. షూసు విప్పి అక్కడే పారేసి, ఉత్త కాళ్లతో పరుగెత్తాను. రాళ్లు పెనాల్లా ఉన్నాయి. బావ నా వెనకాల, ఏఈ అతని వెనకాల. దారి పొడుగునా అందర్నీ తిట్టాను. వాట్సాప్ జాబితాని, బిగుతు షూసుని, కుక్కరుని, ఎంగేజి పలికిన ఆపరేటరుని, అందర్నీ. ఆ తిట్లన్నీ ఎవరికి తగలాలో తెలియనట్టు తిట్టాను.

రాయి మీదికి చేరేసరికి రెండు కావస్తోంది. ఫోనులో గీతలు రాగానే మెసేజీలు కుప్పగా వచ్చిపడ్డాయి. చూడకుండా సబ్‌స్టేషనుకి చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు ఆపరేటరు.

"ఎవరూ? నువ్వేనా? నువ్వేనా మాటాడతన్నది?"

"నేనే. ఎల్‌సీ తిరిగిచ్చేత్తన్నాను."

ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు మార్చుకుని పద్ధతి ప్రకారం అడిగాడు. "నెంబరు సెప్పు. మనుసులందరూ దిగేరా? సామాన్లన్నీ తీసేరా?" నెంబరు చెప్పాను. దిగేనన్నాను. అన్నీ తీసేనన్నాను. "సరే, సార్జి సేత్తన్నాను," అన్నాడు. లైను పట్టుకునే ఉన్నాను. స్విచ్చు పడిన మోత ఫోనులోంచి వినబడింది. ఆ మోత వినబడ్డాక, నా పుట్టుపూర్వోత్తరాలన్నీ ఎత్తి తిట్టడం మొదలుపెట్టాడు ఆపరేటరు. మధ్యలోనే సిగ్నలు పోయింది.

పిన్నికి చేశాను. రింగయింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. జీవితంలో మొదటిసారి ఆవిడ నా ఫోను ఎత్తలేదు. ఆ రాయి మీంచి సముద్రం నిజంగానే కనిపిస్తోంది, అటు ఎవరూ చూడలేదు.

నేనూ బావా దిగిపోయాం. ఏఈ గారు మిగతా వాళ్లని, సామాన్లని తీసుకుని వెనక బయల్దేరాడు. కింద ఊళ్లో మామిడికాయల వ్యాను దొరికింది, రోలుగుంట దాకా. అక్కణ్ణించి బస్సు, ఆ తర్వాత ఆటో. బావ తన చెప్పులు ఇస్తానన్నాడు, నేను తీసుకోలేదు. తీసుకుంటే ఎలా ఉండేదో గాని, ఆ పూట నా కాళ్లు కాలితేనే నాకు బాగుండేలా ఉంది. స్తంభం దగ్గర ఆటో దిగేసరికి అయిదున్నర.

జీడిమామిడి చెట్టు కింద బండి ఉంది, హ్యాండిలుకి తాడూ బెల్టూ ఉన్నాయి. స్తంభం మొదట్లో చెప్పులు లేవు. పక్కన చెరుకు తోటలో మొక్కలు ఎక్కడికక్కడ విరిగి, తొక్కుడు పడి, దారులు దారులుగా ఉంది. అడవిపందులు గాని పడ్డాయా అనుకుంటుంటే తోట రైతు ఎదురొచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు.

"ఓర్నాయనో! బతికే ఉన్నావేటి! కరెంటొచ్చింది గాని, నీ కబురు మాకెవులూ సెప్పలేదు!"

"ఏటయింది మామా?"

"ఏటయిందా? కోల్ల పిన్ని నీకోసం మజ్జిగట్టుకొచ్చింది, ఎండలో స్తంబం మీదున్నావని. వచ్చి సూత్తే సెప్పులున్నాయి, బండుంది, మనిసి లేడు. ఎండ తగిలి సెరుకులో ఎక్కడో పడిపోయేవని గోలెట్టింది. షెడ్డు సల్లగుండాలని గోనెలు తడపడానికొచ్చినోల్లని, మమ్మల్ని, అందర్నీ తోలింది నిన్ను ఎతకమని. ఈ తోటంతా గాలించేం. కాలవ దేవేం."

"కోళ్లు?"

"కోల్ల కాడ ఎవులున్నారు? అందరం నీకోసమే తిరిగేం. పన్నెండున్నరకి మావోల్లు సబ్‌స్టేసను కాడికెల్లి కరెంటియ్యరేటని గొడవెట్టేరు. ఆవిడ ఎల్లి ఆలకి అడ్డంగా నిలబడిపోయింది. ఆడు తీగ మీదున్నాడో, నేల మీదున్నాడో తెలీకుండా ఎలాగిత్తారు, నా కోల్లు పోతే పోనియ్యండి, అంది."

బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. తీసెయ్యమన్నాను.

షెడ్డులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. బతికిన కోళ్లు నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి. బయట పరదా పట్టా మీద చచ్చినవి తెల్లగా గుట్ట పోసి ఉన్నాయి. మూడో వంతు పోయాయని తర్వాత తెలిసింది. ఆ పూట చూస్తే అన్నీ పోయినట్టే అనిపించింది. పిన్ని చీర మోకాళ్ల దాకా తడిసి, ఇంకా రెండు కోళ్లని చెరో చేత్తో పట్టుకుని వస్తోంది. నన్ను చూసి వాటిని కింద పడేసి దగ్గరికొచ్చింది. నా చేతులు, మెడ, తల, అన్నీ తడిమి చూసింది.

"దెబ్బలేటీ తగల్లేదు గదా బాబూ? ఎక్కడున్నావురా ఇంతసేపూ?"

అబద్ధం చెప్పొచ్చు. కళ్లు తిరిగి పడిపోయాననొచ్చు, ఎవరో ఆస్పత్రికి తీసుకెళ్లారనొచ్చు. ఆవిడ నమ్మడానికి సిద్ధంగా ఉంది. పక్కన బావ కూడా నేనేం చెబితే దానికి తలూపడానికి సిద్ధంగా ఉన్నాడు.

"కొండమీద పిన్నీ," అన్నాను.

"కొండమీద ఏ స్తంబానికి పనొచ్చింది?"

"పని కాదు పిన్నీ. సరదాకి ఎల్లేం. ఆపీసోలందరం. కరెంటు తిరిగిమ్మని సెప్పడం మర్సిపోయేను."

ఆవిడ కోళ్ల గుట్ట వైపు చూసింది. తిట్టినా బాగుండేది. లోపలికి వెళ్లి నా చెప్పులు తెచ్చి నా కాళ్ల ముందు పెట్టింది. మట్టి తుడిచి పెట్టినట్టుంది. "ఏసుకో. కాల్లు సూడు ఎలాగయిపోనాయో," అంది.

వేసుకోలేదు. లోపలున్న ఇంకో సంగతి కూడా బయట పెట్టేస్తే గాని ఊపిరాడేలా లేదు. "నువ్వు పదకొండూ నలబైకి రెండుసార్లు ఫోన్ సేసేవు పిన్నీ. కరెంటు కోసమేననుకుని నేనే కట్ సేసేను."

"నువ్వే సేసేవా?" అంది. గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే. "నీకు ఒల్లు తెలీక నొక్కేత్తన్నావనుకున్నాను బాబూ. ఫోను కట్టవుతుందంటే మనిసికి పేనం ఉన్నట్టే గదా, మాటాడలేకపోతన్నాడంతే అనుకున్నాను. అందుకే ఎతకడం ఆపొద్దన్నాను."

అప్పుడు కూర్చుండిపోయాను, ఆ పట్టా పక్కనే. ఏడ్చానని రాసుకోవడానికి సిగ్గేమీ లేదు. ఏడ్చాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు, ఓదార్చడానికి ఆవిడకి తీరిక లేదు. చీకటి పడకముందే గొయ్యి తవ్వాలి. నేనూ బావా తవ్వాం.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. నాకు మెమో వచ్చింది, జవాబు రాశాను. ఏఈ గారు సెక్షను మొత్తాన్ని తీసుకెళ్లింది తనేనని పైకి రాసి తనూ చీవాట్లు తిన్నాడు. ఆయన మీద అప్పుడు కోపం పోయింది, నవ్వే బొమ్మల మీద మాత్రం పోలేదు. కంపెనీ వాళ్లు రెండు నెలలు ఆ షెడ్డుకి పిల్లల్ని వెయ్యలేదు. వేసిన రోజు పిన్నే ఫోన్ చేసి చెప్పింది.

ఇప్పటికీ ఫోన్లు చేస్తూనే ఉంటుంది. ఫ్యాను మెల్లగా తిరుగుతోందని, తీగమీద కాకి పోయిందని. ఇప్పటికీ నాకు చిర్రెత్తుకొస్తుంది, మనిషి ఒక్క రోజులో మారిపోడు. కాని ఎత్తుతాను. ఆ లైను మీద పని పడ్డ రోజున ఆపరేటరుకి అప్పగించి జేబులో ఫోను పెట్టుకునేలోపే మోగుతుంది. "ఏటి పిన్నీ, వచ్చింది గదా కరెంటు?" అని విసుక్కుంటాను. "కరెంటుకి కాదు బాబూ. దిగేవా లేదా అని," అంటుంది. దిగేను పిన్నీ అని నేను చెప్పేదాకా పెట్టెయ్యదు.